గినీ గడ్డిని గుర్తించడం, పెంచడం, అదుపులో ఉంచడం ఎలా?

గినీ గడ్డిని బతికించడం ఎవరికైనా చేతనయ్యే పని. దాన్ని ఏడాది పొడవునా లేతగా, పశువు ఇష్టపడి తినేలా ఉంచడం, నాటిన మడి దాటి పక్క చేలలోకి పాకకుండా చూసుకోవడం మాత్రం అంత సులువు కాదు. ఈ రెండు చిక్కులకూ విరుగుడు ఒక్కటే: గడ్డి ఈనక ముందే, అంటే కంకి బయటికి రాక ముందే కోయాలి. కింద చెప్పే పద్ధతులన్నీ ఆ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతాయి కాబట్టి, దీన్ని ముందే మనసులో పెట్టుకుని చదవండి.

ఇది ఏ గడ్డి?

ఆఫ్రికా ఉష్ణమండలంలో, చెట్ల కింద, వాగుల గట్ల మీద దానంతట అదే పెరిగే బహువార్షిక గడ్డి ఇది. సామ, వరిగ చేరే పానికం ప్రజాతిలోనే దీన్ని కూడా చాలాకాలం లెక్కించి పానికం మాక్సిమం అని పిలిచారు. తర్వాత దీన్ని యూరోక్లోవాలోకి, 2003లో మెగాథిర్సస్ అనే వేరే ప్రజాతిలోకి మార్చారు. విత్తనం కొనేటప్పుడు సంచి మీద ఈ మూడింటిలో ఏ పేరున్నా, దాని వెంట 'మాక్సిమం', 'మాక్సిమా', 'మాక్సిమస్' అన్న మాటల్లో ఒకటి కనిపిస్తే అది గినీ గడ్డేనని గ్రహించండి. 18వ శతాబ్దంలో ఇది ఆఫ్రికా నుంచి కరీబియన్ దీవులకు చేరింది. పంజరంలోని పిట్టల మేతకని ఓడలో తెచ్చిన గింజలను, ఆ పిట్టలు చనిపోయాక జమైకాలో పారబోస్తే మొలిచిందన్న కథ ప్రచారంలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా, పారబోస్తే మొలిచే స్వభావం మాత్రం దీనికి నిజంగానే ఉంది.

మొదట గుర్తుపట్టడం నేర్చుకోండి

నాటడానికి దుబ్బులు తెచ్చుకునే ముందు అవి గినీ గడ్డివేనని నిర్ధారించుకోవడం తప్పనిసరి. ఎందుకంటే జొన్న జాతికి చెందిన జాన్సన్ గడ్డి దూరం నుంచి ఇలాగే కనిపిస్తుంది. దాని లేత పిలకల్లో, వాడిన మొక్కల్లో పశువుల ప్రాణం తీసేంత హైడ్రోసయనిక్ విషం ఏర్పడే ప్రమాదం ఉంది.

గినీ గడ్డి గుబురు దుబ్బుగా పెరుగుతుంది. రకాన్ని బట్టి అర మీటరు నుంచి మూడు మీటర్లకు పైగా ఎత్తు వస్తుంది. భూమిలో పొట్టి దుంపవేరు ఉంటుందే గాని, జాన్సన్ గడ్డిలా దూరదూరం పాకే తెల్లటి పొడుగాటి వేళ్లు ఉండవు. కంకి వరి వెన్నులా వంగి ఉండదు, నేపియర్ గడ్డి కంకిలా నూగుతో కూడిన కుచ్చులా కూడా ఉండదు. 15 నుంచి 50 సెంటీమీటర్ల పొడవున, సన్నని కొమ్మలతో గాలిగాలిగా విచ్చుకుని ఉంటుంది. ఆ కంకిలో అన్నిటికంటే కింద ఉన్న కొమ్మలను చూడండి. అవి ఒకదాని తర్వాత ఒకటిగా కాకుండా, ఒకే కణుపు చుట్టూ గొడుగు ఊచల్లా వలయంగా పుడతాయి. ఇది నమ్మదగిన గుర్తు. ఇంకా అనుమానం మిగిలితే ముదిరిన గింజను అరచేతిలో నలిపి పైపొట్టు ఊదేసి, లోపలి గట్టి పెంకును భూతద్దంతో చూడండి. దాని మీద అడ్డంగా సన్నని ముడతలు కనిపిస్తాయి. పానికం ప్రజాతి గింజల పెంకు నున్నగా మెరుస్తుంది. దీన్ని ఆ ప్రజాతి నుంచి వేరు చేయడానికి శాస్త్రవేత్తలు చూపిన కారణాల్లో ఈ ముడతలు కూడా ఒకటి.

నేల, నీరు, నీడ

నీరు నిలవని, కాస్త సారం ఉన్న నేల ఏదైనా దీనికి సరిపోతుంది. నేల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే ఉదజని సూచిక (pH) 5 నుంచి 8 మధ్య ఉంటే చాలు. ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే చోట వర్షాధారంగా బాగా పెరుగుతుంది. అంతకంటే తక్కువ వాన ఉన్న చోట తడులు ఇవ్వాలి. వేళ్లు లోతుకు దిగడం వల్ల కొన్ని వారాల బెట్టను తట్టుకుంటుంది గాని, నాలుగైదు నెలల ఎండకు పై భాగమంతా ఎండిపోతుంది. మంచు గడ్డకట్టే చలిని భరించలేదు. అన్నిటికంటే దీనికి పడనిది నీటి నిల్వ. పల్లపు నేల తప్ప మీకు వేరే చోటు లేకపోతే బోదెలు తీసి వాటి మీద నాటండి, లేదా పారా గడ్డి వంటి నీటిని తట్టుకునే మరో గడ్డిని ఎంచుకోండి.

దీని అసలు గొప్పదనం నీడను ఓర్చుకోవడంలో ఉంది. మేత గడ్డుల్లో చాలావరకు ఎండ తగ్గితే చిక్కిపోతాయి. గినీ గడ్డి చెట్ల కిందే పుట్టిపెరిగింది కాబట్టి, తోటల్లో మూడో వంతు దాకా నీడ పడినా దిగుబడి పెద్దగా తగ్గదు, పైగా ఆ నీడలో ఆకు మెత్తగా, ముదురాకుపచ్చగా వస్తుంది. కాకపోతే చెట్ల పోషకాలను, నీటిని ఇది పంచుకుంటుంది కాబట్టి లేత మొక్కల మొదళ్లకు కనీసం ఒక మీటరు దూరం వదలండి, గడ్డికి వేయవలసిన ఎరువును గడ్డికే విడిగా వేయండి.

ఏ రకం?

రకాల తేడా తెలుసుకోవడానికి ఈ గడ్డి పుట్టుక గురించి ఒక విషయం తెలియాలి. దీని గింజలు చాలావరకు పరాగ సంపర్కపు ఫలదీకరణ లేకుండానే తయారవుతాయి, అంటే విత్తనం నుంచి వచ్చే పిల్ల మొక్క తల్లికి నకలుగా ఉంటుంది. అందువల్ల ఒక మంచి రకం దొరికితే మీ విత్తనం మీరే కట్టుకోవచ్చు, గుణాలు చెదరవు. ఈ స్వభావమే కొత్త రకాల సృష్టికి మాత్రం అడ్డంకిగా నిలిచింది. 1960లలో ఫ్రెంచి పరిశోధకులు తూర్పు ఆఫ్రికాలో లైంగికంగా గింజ కట్టే మొక్కలను కనుగొన్నాక ఆ దారి తెరుచుకుంది. వారి సేకరణ 1982లో బ్రెజిల్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపాకు చేరింది. అక్కడి నుంచి 1990లో టాంజానియా, 1993లో మొంబాసా, 2001లో మసాయి, 2014లో జూరీ రకాలు వచ్చాయి.

కోసి వేయడానికైతే పొడుగ్గా, వెడల్పు ఆకుతో పెరిగే మొంబాసాను నేను ఎంచుకుంటాను. మందను నేరుగా మేపేవారికి పొట్టిగా, సన్నని ఆకుతో గుబురుగా ఉండే మసాయి అనుకూలం. టాంజానియా రకం మంచిదే గాని తేమ ఎక్కువగా ఉన్న చోట దానికి ఆకుమచ్చ తెగులు త్వరగా తగులుతుంది.

విత్తనమా, పిలకలా?

చిన్న కమతానికి పిలకలే మేలని నా అభిప్రాయం. కారణం గింజలోనే ఉంది. దీని కంకి ఒకేసారి పండదు. పైన గింజ రాలిపోతుండగా కింద ఇంకా పూత ఉంటుంది. అందుకే చేతికి వచ్చిన విత్తనంలో తాలు చాలా ఉంటుంది. పైగా కొత్త గింజ కొన్ని నెలల పాటు నిద్రావస్థలో ఉండి, తడి తగిలినా మొలవదు. కోసిన ఆరు నెలల తర్వాత వేస్తేనే మంచి మొలక కనిపిస్తుంది. అలాగని ఏళ్ల తరబడి దాచితే మొలకెత్తే శక్తే నశిస్తుంది. కాబట్టి విత్తనం తెచ్చుకున్నప్పుడు అది ఎప్పుడు కోసినదో తప్పక అడగండి.

విత్తేముందు పరీక్ష చేయండి. ఓ చిటికెడు గింజలను తెల్లకాగితం మీద పోసి ఒక్కొక్కదాన్ని గోటితో నొక్కితే, తాలు గింజ చప్పున అణిగిపోతుంది, గట్టి గింజ గోటి కింద నిలుస్తుంది. గట్టివి 100 ఏరి తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరిపోకుండా నీళ్లు చిలకరిస్తూ మూడు వారాల పాటు మొలకలు లెక్కపెట్టండి. వందకు 30 కూడా మొలవకపోతే ఆ విత్తనాన్ని నమ్ముకుని దున్నకండి.

మొలక బాగున్న విత్తనమైతే ఎకరాకు ఒక కిలో నుంచి కిలోన్నర సరిపోతుంది. గింజ చాలా చిన్నది కాబట్టి దానికి ఐదారు రెట్ల ఇసుక కలిపి, మెత్తగా దున్ని చదును చేసిన నేల మీద సాళ్లలో చల్లాలి. ఒక సెంటీమీటరు కంటే లోతుకు పోనివ్వకూడదు. మొదటిసారి నేను మిగతా విత్తనాల్లాగే గుంటక తోలి మట్టి కప్పాను. నెల గడిచినా మడిలో కలుపు తప్ప మరేమీ కనిపించలేదు. గుంటక తగలని గట్టు వారన మాత్రం పచ్చటి వరుస ఒకటి లేచి నిలబడింది. చల్లిన తర్వాత ముళ్లకంప ఈడ్చడమో, పైన బరువు లేని దిమ్మె దొర్లించడమో చేస్తే చాలు. అంతకంటే భద్రమైన దారి ఎత్తైన నారుమడిలో పోసి, నాలుగైదు వారాల నారును పీకి నాటడం.

పిలకలు నాటే పద్ధతి

ఏడాది వయసు దాటి, తెగులు లేని దుబ్బులను ఎంచుకోండి. ముందురోజు వాటికి నీళ్లు పెట్టండి. నాటే రోజు పొద్దున్నే పై ఆకును 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తుకు కోసేసి, దుబ్బు చుట్టూ పారతో దించి వేళ్లతో సహా పెకలించండి. మట్టి దులిపాక దుబ్బును చేత్తో విరవబోతే అది లొంగదు. మధ్యలోకి పార అంచు దించి రెండుగా, నాలుగుగా చీల్చి, ఆ తర్వాతే చేత్తో విడదీయండి. ఒక్కో పిలకకు రెండు మూడు కాడలు, వాటి కింద కొన్ని తెల్లటి కొత్త వేళ్లు ఉండాలి. దుబ్బు నడుమ ఉండే ముదురు గోధుమరంగు మోడును పారేయండి, దాని నుంచి చిగురు రాదు. చుట్టూ అంచున ఉన్న లేత పిలకలే త్వరగా నాటుకుంటాయి. పొడుగాటి వేళ్లను అంగుళం, రెండంగుళాలకు కత్తిరించి, నాటే దాకా తడి గోనెపట్టా కింద నీడలో ఉంచండి. ఎండలో గంటసేపు వదిలేస్తే సగం పిలకలు అక్కడే చచ్చిపోతాయి.

నాటేముందు ఎకరాకు 10 టన్నుల బాగా మాగిన పశువుల ఎరువు, 20 కిలోల భాస్వరం అందేలా 125 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 30 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేసి కలియదున్నండి. భూసార పరీక్ష చేయించి ఉంటే ఈ లెక్కలు పక్కన పెట్టి దాని ప్రకారమే వేయండి. సాళ్ల మధ్య 50 సెంటీమీటర్లు, సాలులో పిలకల మధ్య 30 సెంటీమీటర్లు ఉండేలా, మొదలు నాలుగైదు సెంటీమీటర్లు మట్టిలోకి పోయేలా నిలువుగా పెట్టి, చుట్టూ మట్టిని కాలి మడమతో గట్టిగా తొక్కండి. తొక్కకపోతే వేరుకు మట్టికి మధ్య గాలి మిగిలి పిలక ఎండుతుంది. వెంటనే ఒక తడి, మూడో రోజు మరో తడి ఇచ్చి, ఆపైన నేల పదునును బట్టి వారం పది రోజులకు ఒకటి ఇవ్వండి.

ఈ దూరంలో ఎకరాకు సుమారు 27 వేల పిలకలు పడతాయి. అన్ని ఒకేసారి సమకూర్చుకోవడం కష్టం, వాటిని కొనడం అనవసరం. మొదటి ఏడాది ఎకరంలో ఇరవయ్యో వంతులో, అంటే 1350 పిలకలు నాటండి. మరుసటి ఏడాదికి ఒక్కో దుబ్బు నుంచి 20 పిలకలు తీసినా ఎకరం మొత్తం నిండిపోతుంది.

మొదటి రెండు నెలలు కలుపు తీయడంలో బద్ధకించకండి. గినీ గడ్డి ఆ తర్వాత కలుపును తానే నీడతో చంపుతుంది గాని, మొదట్లో అది చాలా నెమ్మది. మూడో వారంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి గొప్పు తవ్వితే సరిపోతుంది.

కోత

పిలకలు నాటితే 45 నుంచి 60 రోజులకు, విత్తనం వేస్తే 75 నుంచి 90 రోజులకు మొదటి కోత వస్తుంది. అప్పుడు కూడా దుబ్బు వేరు పట్టిందో లేదో చూసుకోండి. చేత్తో పట్టి గుంజితే కదలకూడదు. ఆ తర్వాత వెచ్చని వానాకాలంలో 30 నుంచి 45 రోజులకు ఒక కోత, చలి రోజుల్లో, ఎండిన రోజుల్లో అంతకంటే ఆలస్యంగా ఒక కోత వస్తుంది. అయితే రోజులు లెక్కపెట్టడం కంటే గడ్డిని చూసి కోయడం మంచిది. మొంబాసా వంటి పొడుగు రకం 90 సెంటీమీటర్లు, టాంజానియా 70 సెంటీమీటర్లు పెరిగేసరికి ఆకు నేల మీద పడే వెలుగులో దాదాపు 95 శాతాన్ని పట్టేస్తుంది. అక్కడి నుంచి పెరిగేది చాలావరకు కాడ, కింద ఎండిపోయే ఆకు మాత్రమే. కాడను వేళ్ల మధ్య నొక్కితే లోపల ఉబ్బుగా కంకి తగిలిందంటే పొట్ట దశ వచ్చేసినట్టే, ఇక ఒక్కరోజు కూడా ఆగకండి.

ఎందుకింత తొందర అంటే, నాలుగు వారాల లేత గడ్డిలో ముడి మాంసకృత్తులు 10 శాతానికి పైగా ఉంటాయి. ఎనిమిది పది వారాలు ముదరనిస్తే ఆ శాతం ఆరేడుకు పడిపోతుంది. 7 శాతం కంటే తగ్గిన మేతలో పశువు మొదటి పొట్టలోని సూక్ష్మజీవులకు నత్రజని చాలక పీచు అరగడం మందగిస్తుంది, దానితో పశువు తినడమే తగ్గిస్తుంది. గాడి నిండా మేత కనిపిస్తూనే పాలు ఎందుకు తగ్గాయో తెలియక దాణా పెంచేవారు ఉన్నారు. వారు ముందు చూసుకోవలసింది కోత తేదీని.

కొడవలి నేలకు 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున నడవాలి. కొత్త చిగురుకు కావలసిన నిల్వలు ఆ మోడులోనే ఉంటాయి. నేల మట్టంగా గీసేస్తే ఒకటి రెండు కోతలు ఎక్కువ బరువు వచ్చినట్టనిపించి, ఏడాది తిరిగేసరికి దుబ్బులు చచ్చి మడిలో బోడి చోట్లు పడతాయి. ప్రతి కోత తర్వాత మూడు నాలుగు రోజులకు ఎకరాకు 25 నుంచి 40 కిలోల యూరియా వేసి తడి ఇవ్వండి. బెట్టలో ఉన్న గడ్డికి యూరియా వేసి వెంటనే కోయడం ప్రమాదకరం, ఎందుకంటే ఆకుల్లో నైట్రేటు పేరుకుని పశువుకు విషమవుతుంది.

ఇలా చూసుకుంటే, నీరు ఎరువు లోటు లేని చోట, ఎకరాకు ఏడాదికి 40 నుంచి 50 టన్నుల పచ్చిమేత రావడం సాధ్యమే. దానిలో తేమ పోను పొడి పదార్థం 10 టన్నుల వరకు ఉంటుంది. 400 కిలోల బరువున్న ఆవు రోజుకు సుమారు 10 కిలోల పొడి పదార్థం తింటుంది కాబట్టి, గడ్డి ఒక్కటే పెట్టినా ఎకరం రెండు పశువులకు నిండుగా సరిపోతుంది.

మేతగా వాడేటప్పుడు

పచ్చి గడ్డిని రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించి వేస్తే కాడ వృథా కాదు. దీనికి పప్పుజాతి మేత తోడుండాలి. అలసంద, స్టైలో, సుబాబుల్ ఆకు వంటివాటిలో ఏదో ఒకటి మేతలో మూడో వంతు చేర్చితే మాంసకృత్తుల లోటు తీరుతుంది. మేకలు, గొర్రెలు, కుందేళ్లు దీన్ని ఇష్టంగా తింటాయి, చెరువులో పెంచే గడ్డి చేపలకు కూడా లేత ఆకు వేయవచ్చు. గుర్రాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఈ గడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచడం వల్ల, దీన్నే ఏకధాటిగా మేపితే వాటి ఎముకలు బలహీనపడతాయి. బ్రెజిల్‌లోని అమెజాన్ ప్రాంతంలో వానాకాలంలో ఈ గడ్డి మేసిన గుర్రాలకు తీవ్రమైన కడుపునొప్పి, ఉబ్బరం వచ్చి చనిపోయిన సందర్భాలు నమోదయ్యాయి.

వానాకాలంలో మిగిలిన గడ్డిని పాతర వేయదలిస్తే, అంటే గాలి తగలకుండా పులియబెట్టి నిల్వ చేయదలిస్తే, దానికి కావలసిన చక్కెర దీనిలో తక్కువని గుర్తుంచుకోండి. కోసిన గడ్డిని కొన్ని గంటలు వాడనిచ్చి, ముక్కలు చేసి, బరువులో 3 శాతం బెల్లపు మడ్డి కలిపి, గాలి లేకుండా తొక్కి మూసేయాలి. వాడింది చాలో లేదో తెలియడానికి గుప్పెడు ముక్కలను అర నిమిషం గట్టిగా పిడికిలి బిగించి వదలండి. నీరు కారితే ఇంకా ఆరాలి, ముద్ద నెమ్మదిగా విచ్చుకుంటే సరైన పాకం. ఎండుగడ్డి చేయడానికి సన్నకాడ రకాలే పనికివస్తాయి.

మేత అవసరం లేనివారు కూడా వాలు నేలల్లో అడ్డంగా, వాలుకు సమాన ఎత్తున దగ్గర దగ్గరగా ఒక వరుస నాటితే, కొట్టుకుపోయే మట్టిని అది ఆపుతుంది.

హద్దు దాటకుండా

మడి పక్కన వాగు, అడవి అంచు, బీడు భూమి ఉంటే రెండుసార్లు ఆలోచించి నాటండి. వదిలేసిన చోట ఇది మనిషెత్తు పెరిగి, ఇతర మొక్కలను అణచి, ఎండాకాలానికి గుట్టలకొద్దీ ఎండిపోతుంది. 2023 ఆగస్టులో హవాయిలోని మావి దీవిలో లహైనా పట్టణాన్ని తగలబెట్టిన మంటలకు, సాగు మానేసిన చెరకు భూముల్లో పెరిగిన గినీ గడ్డి వంటి పరాయి గడ్డులే ఇంధనమయ్యాయి. అందుకని మడి చుట్టూ ఒక మీటరు వెడల్పున దున్నిన పట్టీ ఉంచి, అందులో మొలిచిన ప్రతి మొక్కనూ పీకండి. విత్తనం కోసం కొన్ని దుబ్బులను ఈననివ్వదలిస్తే అవి మడి నడుమ ఉండాలి, కంకులకు పలుచని గుడ్డ సంచులు కట్టి ఉంచితే రాలిన గింజ సంచిలోనే పడుతుంది.

నాలుగైదేళ్లకు దుబ్బుల నడుమ డొల్లపడి దిగుబడి తగ్గినప్పుడు, పాతవి పెకలించి పిలకలు మార్చి నాటాలి. మడిని పూర్తిగా తీసేయాలనుకుంటే వేరు మొదలుతో సహా తవ్వి, మట్టి దులిపి, వేళ్లు పైకి ఉండేలా ఎండలో తిరగేసి పెట్టండి. వాన పడేలా ఉంటే ఆ పని వాయిదా వేయండి, తడి మట్టి తగిలిన దుబ్బు పడేసిన చోటే మళ్లీ వేరు పోస్తుంది. తరువాతి రెండు వానాకాలాల్లో రాలిన గింజ మొలకెత్తుతుంది కాబట్టి ఆ లేత మొక్కలను గుంటకతో తీసేయండి. అవి ఈనితే పని మళ్లీ మొదటికొస్తుంది.